గోడ మీద పేరు

2025 ఏప్రిల్‌లో ఒకనాటి ఉదయం పత్రికలో ఆటల పేజీ తిరగేస్తుంటే ఒక వార్త దగ్గర చూపు నిలిచిపోయింది. ఉప్పల్ స్టేడియంలో ఉత్తరపు స్టాండుకు ఉన్న అజహరుద్దీన్ పేరు తొలగించాలనీ, ఇకమీదట అచ్చయ్యే టిక్కెట్లమీద కూడా ఆ పేరు కనిపించరాదనీ హైదరాబాద్ క్రికెట్ సంఘం అంబుడ్స్‌మన్ ఆదేశించారట. మరి కొద్ది రోజులకే, ఆ తొలగింపును హైకోర్టు నిలిపివేసిందన్న వార్త వచ్చింది. మొదటి వార్త చదివినప్పుడు మనసు చివుక్కుమంది. రెండోది చదివినప్పుడు ఊరట కలగాలి కదా? కలగలేదు. ఇదేమిటని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నలభయ్యేళ్ళుగా ఒక ఆటగాణ్ని అభిమానిస్తూ, అందులో పాతికేళ్ళుగా ఆ అభిమానాన్ని పదిమందిలో చెప్పుకోవడానికి సంకోచిస్తూ వచ్చినవాడి అవస్థ ఇది. ఆ అవస్థ గురించే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఈ పేరు తగాదాకూ మ్యాచ్ ఫిక్సింగ్‌కూ సంబంధం లేదు. అజహరుద్దీన్ 2019 సెప్టెంబరులో క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో వెస్టిండీస్‌తో ట్వంటీ20 మ్యాచ్ జరిగేనాటికి స్టాండుమీద అతని పేరు వెలసింది. తాను అధ్యక్షపీఠం మీద ఉండగా తన పేరే పెట్టే నిర్ణయంలో పాలుపంచుకోవడం సంఘ నియమాలకు విరుద్ధమన్నది ఫిర్యాదు. ఆ స్టాండుకు అంతకుముందు లక్ష్మణ్ పేరు ఉండేదన్నది ఫిర్యాదుదారుల మరొక వాదం. అంబుడ్స్‌మన్ ఆదేశం ఈ స్వప్రయోజనం సంగతి మీద వచ్చినదే తప్ప 2000 సంవత్సరపు వ్యవహారం మీద కాదు. కానీ నా చెవిన పడ్డ మాటల్లో ఈ తేడా ఎక్కడా కనిపించలేదు. పాత పాపం ఇన్నాళ్ళకు పండిందన్నారు కొందరు. మనవాణ్ని మళ్ళీ అవమానిస్తున్నారన్నారు మరికొందరు. ఇరువురికీ ఆ పేరు చూడగానే గుర్తుకు వచ్చింది ఆ ఒక్క సంవత్సరమే. పదహారేళ్ళ ఆటనూ, ఆ తరువాతి పాతికేళ్ళ జీవితాన్నీ ఒక్క సంవత్సరం మింగి కూర్చున్నదన్నమాట.

విచిత్రమేమంటే, ఆ మైదానంలో అజహరుద్దీన్ భారత జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఉప్పల్‌లో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 2005లో జరిగింది; మొదటి టెస్టు 2010లో. అప్పటికి అతడు ఆటకు దూరమై ఏళ్ళయింది. అతడు ఎదిగిన హైదరాబాదు వేరు. నగరం నడిబొడ్డున, ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం అంటున్న ఫతే మైదాన్ ఉన్న హైదరాబాదు అది. అక్కడ చివరి టెస్టు 1988 డిసెంబరులో జరిగింది. కనుక ఆ స్టాండులో కూర్చున్న కుర్రవాడికి తన తలపైన ఉన్న ఆ పేరు ఒక ఆటను గుర్తుచేయదు. ఒక తగాదాను గుర్తుచేస్తుంది, లేదా ఒక రాజకీయ నాయకుణ్ని గుర్తుచేస్తుంది. నావంటి పాతకాలపు వాడికి మాత్రమే అది మరొకటి గుర్తుచేస్తుంది.

1984 డిసెంబరు 31. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండుతో మూడో టెస్టు ఆరంభమైంది. నాకప్పుడు పదేళ్ళు. మా ఊరు వరంగల్లుకు దగ్గరలో ఒక చిన్న ఊరు. మా వీధి చివర నా సహాధ్యాయి తండ్రికి ఒక సైకిలు షాపు ఉండేది. పంక్చర్లు వేస్తూ, గాలి కొడుతూ ఆయన రేడియో వినేవాడు. వ్యాఖ్యానం సగం ఇంగ్లీషులోనూ సగం హిందీలోనూ వచ్చేది. ఇంగ్లీషు మా ఇద్దరికీ రాదు. హిందీ వాడికి కొంత వచ్చును, వాళ్ళింట్లో ఉర్దూ కనుక. హైదరాబాదు కుర్రాడు తొలి టెస్టులోనే 110 చేశాడని వాడే నాకు అర్థం చెప్పాడు. ఆ తరువాత మద్రాసులో 105, కాన్పూరులో 122. తొలి మూడు టెస్టుల్లో మూడు శతకాలు. అటువంటిది అంతకుముందు ఎవరూ చేయలేదు, ఇప్పటిదాకా మరెవరూ చేయలేదు. ఇరవై ఒక్క సంవత్సరాల కుర్రవాడు, నిజాం కాలేజీలో చదివినవాడు, మన మాటల్లో మనకు తెలిసిన ఊరివాడు. మా ఊళ్ళో ప్రతివాడూ అన్నది ఒకటే మాట: "మనవాడు." ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఆ మరుసటి ఆదివారం నుంచి మా చెరువుగట్టు మైదానంలో ఇరవై మంది అజహరుద్దీన్‌లు వెలిశారు. అందరి కాలర్లూ పైకి లేచాయి. మెడలో తావీదు మాత్రం అందరికీ కుదరలేదు. అది నా మిత్రుడికి పుట్టుకతోనే ఉండేది కనుక అందరిలోకీ అసలైన అజహర్ వాడేనని ఒప్పుకోక తప్పలేదు. ఒక పత్రిక నడిమి పేజీలో వచ్చిన రంగుల బొమ్మను వాడు జాగ్రత్తగా కత్తిరించి, అన్నం మెతుకులతో షాపు గోడకు, గాలి పంపుకు సరిగ్గా పైన అంటించాడు. గాలి కొట్టించుకునేవాళ్ళందరూ ఆ బొమ్మ చూస్తూ నిలబడేవాళ్ళు.

అతని ఆటను ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. ఆఫ్ స్టంపుకు బయట పడ్డ బంతిని శాస్త్రం తెలిసినవాడెవడైనా కవర్స్ దిక్కుగా కొడతాడు. అజహర్ ఆ బంతిని తన ముందుదాకా రానిచ్చి, ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పి మిడ్ వికెట్ వైపు పంపేవాడు. బలం ప్రయోగించినట్టే కనిపించేది కాదు. ఆ మణికట్టే అతని బలహీనత కూడా. అదే దెబ్బకు ప్రయత్నించి తేలికగా క్యాచ్ ఇచ్చి వెళ్ళిన సందర్భాలు కోకొల్లలు. ఎత్తుకు లేచే బంతుల ముందు తడబడేవాడన్న విమర్శ కూడా అబద్ధం కాదు. అయితే మైదానంలో అతని కదలికను విమర్శించినవాణ్ని నేను చూడలేదు. పాయింట్ దగ్గర పరుగెత్తుతూ బంతిని అందుకొని, నిలబడకుండానే కిందినుంచి విసిరి వికెట్లు పడగొట్టేవాడు. వన్డేల్లో 156 క్యాచ్‌లు పట్టాడు.

1990లో లార్డ్స్ మైదానంలో జరిగిన టెస్టు అతని మొత్తం చరిత్రకు ఒక నమూనా అనిపిస్తుంది. కెప్టెన్‌గా టాస్ గెలిచి ఇంగ్లండును బ్యాటింగుకు దింపాడు. వాళ్ళు నాలుగు వికెట్లకు 653 చేశారు. గూచ్ ఒక్కడే 333. దేశమంతా ఆ నిర్ణయాన్ని తిట్టిపోసింది. ఆ తరువాత అదే మనిషి బ్యాటుతో వచ్చి 111 బంతుల్లో 121 చేశాడు. ఆ ఇన్నింగ్సు చూసినవాళ్ళు ఇంతటి సొగసైన ఆట ఎన్నడూ చూడలేదన్నారు. మనం 247 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ అయిదు రోజుల్లో అతడు తెలివితక్కువవాడా, మహానుభావుడా అంటే ఏం జవాబు చెప్పగలం? రెండూ జరిగాయి. ఒకటి జరిగిందని రెండోది చెరిగిపోలేదు.

కెప్టెన్‌గా అతడు 47 టెస్టుల్లో 14 గెలిచాడు. గంగూలీ వచ్చేదాకా ఏ భారత కెప్టెన్‌కూ అన్ని టెస్టు విజయాలు లేవు. వన్డేల్లో 90 విజయాలు, ధోనీ దాటేదాకా అదే రికార్డు. మూడు ప్రపంచకప్పుల్లో జట్టును నడిపించాడు. 1993లో ఇంగ్లండు ఇక్కడికి వచ్చినప్పుడు కెప్టెన్సీ ఊడిపోయే పరిస్థితిలో ఈడెన్‌లో 182 చేశాడు; ఆ సిరీస్ 3–0తో మనదయింది. ఆ ఈడెన్‌లోనే ఆడిన ఏడు టెస్టుల్లో అయిదు శతకాలు చేశాడు. 1997 జనవరిలో కేప్‌టౌన్‌లో 58 పరుగులకు అయిదు వికెట్లు పడ్డ స్థితిలో టెండూల్కర్‌తో కలిసి 222 పరుగులు జోడించాడు. దక్షిణాఫ్రికా పేస్ బౌలర్లను ఆ విధంగా కొట్టినవాణ్ని చూస్తూ ఆ సాయంత్రం మేమిద్దరం అన్నం తినడం మరిచిపోయాం. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, పేరుమీద వాదించేవాళ్ళు వీటిని వాదంలోకే రానివ్వడం లేదు కనుక.

ఇక 2000 సంవత్సరం. మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికాతో జరిగిన టెస్టు అతనికి 99వది. జట్టు ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోతుండగా రెండో ఇన్నింగ్సులో అతడు 102 చేశాడు. తొలి టెస్టులోనూ ఆఖరి టెస్టులోనూ శతకం చేసిన బహు కొద్దిమందిలో ఒకడయ్యాడు. ఆ టెస్టే ఆఖరిదని ఆనాడు అతనికీ తెలియదు, మనకూ తెలియదు. ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు క్రోనీ టెలిఫోను సంభాషణల సంగతి బయటపెట్టారు. జూన్‌లో దక్షిణాఫ్రికాలో కింగ్ కమిషన్ ముందు క్రోనీ తాను డబ్బు పుచ్చుకున్నానని ఒప్పుకున్నాడు. 1996లో ఒక బుకీని తనకు పరిచయం చేసినవాడు అజహరుద్దీనే అన్నాడు. తరువాత సీబీఐ నివేదిక వచ్చింది. కొన్ని మ్యాచ్‌ల విషయంలో అజహర్ తమ ముందు అంగీకరించాడని అందులో ఉంది. తానేమీ అంగీకరించలేదని అజహర్ అన్నాడు. డిసెంబరు 5న బోర్డు అతణ్నీ అజయ్ శర్మనూ జీవితకాలం పాటూ, జడేజానూ ప్రభాకర్‌నూ అయిదేళ్ళ పాటూ బహిష్కరించింది.

అదే ఏడాది సెప్టెంబరు 19న సిడ్నీలో, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. మూడు నెలలైనా గడవకుండానే అవే పత్రికల మొదటి పేజీల్లో ఈ వార్త. ఒక తెలుగు అభిమానికి ఆ సంవత్సరం ఎంత గర్వం తెచ్చిందో అంతకుమించిన సిగ్గు తెచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ గర్వంలోనూ ఆ సిగ్గులోనూ నా ప్రమేయం ఏమీ లేదు. వాళ్ళు ఎత్తిన బరువూ నాది కాదు, చేసిన తప్పూ నాది కాదు. అయినా రెంటినీ నావే అనుకున్నాను. అభిమానమంటే అదేనేమో.

2001 సంక్రాంతికి ఊరు వెళ్ళాను. అప్పటికి షాపు నా మిత్రుడి చేతికి వచ్చింది. బస్సు దిగగానే ఇద్దరం సెంటర్లో ఉన్న హోటల్లో టీ తాగుతున్నాం. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషి, మాకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడే, నవ్వుతూ నా మిత్రుణ్ని అడిగాడు: "ఏమయా, మీవాడు ఎంతకమ్ముకున్నడంట?" పదహారేళ్ళుగా ఆ ఊళ్ళో "మనవాడు"గా ఉన్న మనిషి ఒక్క నెలలో "మీవాడు" అయిపోయాడు. ఎవరికి మీవాడు? అడిగినాయన నావైపు చూడలేదు. చెరువుగట్టు మీద కాలరు నేనూ ఎత్తుకున్నాను. ఆ ప్రశ్న నన్నెందుకు అడగలేదు? ఆ మాట నేను ఆ క్షణంలోనే అడిగి ఉండాల్సింది. అడగలేదు. టీ తాగి డబ్బులిచ్చి లేచాను. నా మిత్రుడు కూడా నవ్వి ఊరుకున్నాడు.

షాపుకు వెళితే గాలి పంపు పైన బొమ్మ లేదు. "ఫొటో ఏదిరా?" అన్నాను. "సున్నం ఏయించిన గదా, అప్పుడు తీసిన" అన్నాడు. చుట్టూ చూశాను. మూడు గోడలకు పాత మసి అలాగే ఉంది. ఆ ఒక్క గోడకే కొత్త సున్నం. నేను మరేమీ అడగలేదు. వాడూ చెప్పలేదు. ఆరోపణ అజహరుద్దీన్ మీద వచ్చింది. జవాబు చెప్పవలసిన భారం మా ఊళ్ళో ఒక సైకిలు షాపువాడి మీద పడింది. ఈ అన్యాయంలో నా మౌనానికి కూడా వాటా ఉన్నదని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇదంతా చెప్పి, కనుక అజహర్ నిర్దోషి అని తేల్చాలన్నది నా ఉద్దేశం కాదు. అది వేరొక రకం అన్యాయమవుతుంది. అభిమానికి జరిగిన నష్టం మరొకటి ఉంది. అనుమానమన్నది ఎప్పుడూ ముందుకు పోదు, వెనక్కి పోతుంది. 1996 మార్చి 13న ఈడెన్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. టాస్ గెలిచి శ్రీలంకను బ్యాటింగుకు దింపాడు. లక్ష్యం 252. ఒక వికెట్టుకు 98 నుంచి ఎనిమిది వికెట్లకు 120కి కుప్పకూలాం. అజహర్ సున్నా. జనం సీసాలు విసిరారు, ఆట ఆగిపోయింది, మ్యాచ్ శ్రీలంకకు ఇచ్చేశారు. కాంబ్లీ ఏడుస్తూ మైదానం వీడాడు. ఆ రాత్రి మేమూ ఏడ్చాం. అది శుద్ధమైన దుఃఖం. ఓడిపోయినందుకు ఏడ్చాం, అంతే.

ఆ తరువాత 2011లో అదే కాంబ్లీ ఆ టాస్ నిర్ణయం మీద అనుమానం వ్యక్తం చేశాడు. అది జట్టంతా కలిసి తీసుకున్న నిర్ణయమని అజహర్ ఖండించాడు. నిజానికి ఆ టోర్నీలో శ్రీలంక లక్ష్యాలను ఎంత తేలికగా ఛేదిస్తూ వచ్చిందో తెలిసినవాడికి ఆ నిర్ణయంలో వింతేమీ కనిపించదు. పిచ్ విరిగిపోయింది, జయసూర్య బంతి తిరిగింది, మనవాళ్ళు ఆడలేకపోయారు. ఇంతకు మించి రుజువైనదేమీ లేదు. అయినా ఆ మ్యాచ్ దృశ్యాలు ఇప్పుడు చూస్తే నా కన్ను బంతిమీద ఉండదు, అజహర్ ముఖంమీద ఉంటుంది. ఏదో వెతుకుతుంటాను. దొరకదు. దొరకదని తెలిసీ వెతుకుతాను. మా పదేళ్ళ నాటి సంతోషం పోలేదు గానీ మా ఇరవయ్యేళ్ళ నాటి దుఃఖం మాత్రం కలుషితమైపోయింది. ఓటమిని ఓటమిగా దుఃఖించే హక్కు అభిమానికి ఉంటుంది. ఫిక్సింగ్ వ్యవహారం ఒక తరం చేతినుంచి లాక్కున్నది ఆ హక్కునే.

న్యాయస్థానం దీన్ని సరిచేయగలదా? 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ జీవితకాల బహిష్కారం చట్టం ముందు నిలవదని తేల్చింది. అప్పటికి అజహర్‌కు 49 ఏళ్ళు. జడేజా బహిష్కారాన్ని 2003 జనవరిలోనే ఢిల్లీ హైకోర్టు కొట్టివేయడంతో అతడు మళ్ళీ దేశవాళీ క్రికెట్ ఆడగలిగాడు. అజహర్‌కు తిరిగి దొరికింది ఆట కాదు, పేరుకు అంటిన ముద్ర చెరిగిందన్న ఒక కాగితం మాత్రమే. ఆ కాగితాన్ని నేను తక్కువ చేయను. ఒక సంస్థ ఒక మనిషిని జీవితాంతం వెలివేసేటప్పుడు పద్ధతి పాటించాలి, నిరూపించగలగాలి. బోర్డు ఆ పని చేయలేకపోయింది. అజహర్‌మీద ఫిక్సింగ్ విషయమై క్రిమినల్ విచారణ జరిగి దోషి అని ఏ న్యాయమూర్తీ అనలేదు. ఈ వాస్తవాన్ని ఒప్పుకోకుండా ఇంకా అతణ్ని దోషి అనడం సభ్యత కాదు.

కానీ తీర్పు చెప్పేది బహిష్కారం నిలుస్తుందా నిలవదా అన్న విషయం. అభిమాని అడిగేది అసలేం జరిగిందన్న విషయం. ఈ రెండో ప్రశ్నకు జవాబు మనకు ఇంతవరకూ దొరకలేదు. క్రోనీ కథ గమనించండి. అతడు కమిషన్ ముందు కూర్చుని, లోకమంతా చూస్తుండగా, డబ్బు పుచ్చుకున్నానన్నాడు. 2002 జూన్ 1న విమాన ప్రమాదంలో మరణించాడు. 2004లో దక్షిణాఫ్రికాలో ఒక టెలివిజన్ సంస్థ దేశపు మహనీయులెవరని ప్రజలను అడిగితే క్రోనీకి 11వ స్థానం ఇచ్చారు. అది సబబేనా అన్నది వేరే చర్చ. నేను చెప్పదలచుకున్నది ఒకటే: చెప్పుకున్నవాణ్ని ఏం చేయాలో జనానికి తెలుస్తుంది. తిట్టవచ్చు, క్షమించవచ్చు. మనకు మాత్రం ఒక నివేదికా, ఒక ఖండనా, ఒక బహిష్కారమూ, దాన్ని కొట్టివేసిన తీర్పూ మిగిలాయి. మధ్యలో కథ లేదు. కథ లేని చోట ఎవరికి తోచింది వారు నింపుకుంటారు. మా ఊరి హోటల్లో ఆ పెద్దమనిషి నింపుకున్నట్టు.

అటుపిమ్మట అతని జీవితం ఆగిపోలేదు. 2009లో మొరాదాబాద్ ప్రజలు పార్లమెంటుకు పంపారు. 2023లో జూబ్లీహిల్స్ ఓటర్లు శాసనసభకు పంపలేదు. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రివర్గంలో ప్రమాణ స్వీకారం చేశాడు. క్రికెట్ సంఘాధ్యక్షుడిగా అతని కాలం గర్వించదగ్గదని నేను అనలేను. సంఘం నిత్యమూ కోర్టుల చుట్టూ తిరిగింది; 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియా మ్యాచ్ టిక్కెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి అభిమానులు గాయపడ్డారు; 2023లో సుప్రీంకోర్టు ఒక విశ్రాంత న్యాయమూర్తికి సంఘ నిర్వహణ అప్పగించవలసి వచ్చింది. ఈ దుఃస్థితి ఒక్కడివల్ల వచ్చినది కాదు, అతనికి ముందే ఉంది. కానీ అంతటి ఆటగాడు వస్తే మారుతుందని నావంటివాళ్ళం ఆశపడ్డాం.

ఇందుకు భిన్నమైన సంఘటన కూడా ఒకటి ఉంది. 1989లో పాకిస్తాన్ పర్యటనలో పరుగులు రాక సతమతమవుతున్న అజహర్‌కు, బ్యాటు పట్టు కొంచెం మార్చుకోమని జహీర్ అబ్బాస్ సలహా ఇచ్చాడు. ఫైసలాబాద్‌లో అజహర్ శతకం చేశాడు. 2016లో ఇంగ్లండులో అదేవిధంగా సతమతమవుతున్న పాకిస్తాన్ ఆటగాడు యూనిస్ ఖాన్‌కు అజహర్ ఫోన్ చేసి, క్రీజులోనే నిలిచి ఆడమన్నాడు. ఓవల్ మైదానంలో యూనిస్ 218 చేసి, ఆ ఫోన్ సంగతి తానే లోకానికి చెప్పాడు. ఇరవై ఏడేళ్ళ తరువాత తీర్చిన ఋణం. దీనికి ఏ పదవీ అక్కర లేకపోయింది.

ఇప్పుడు స్టాండు సంగతికి వస్తాను. మన ఇళ్ళలో బిడ్డకు పేరు ఎవరు పెడతారు? తాతో మేనత్తో పెడతారు. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాస్తారు. తన పేరు తాను పెట్టుకునే బిడ్డ ఉండదు. గౌరవార్థం పెట్టే పేరుకూ ఇదే మర్యాద వర్తిస్తుందని నా అభిప్రాయం. అజహరుద్దీన్ పేరుకు ఆ గోడమీద ఉండే అర్హత ఉందా అంటే ఉందంటాను. 99 టెస్టులు, 6,215 పరుగులు, 22 శతకాలు, 334 వన్డేలు ఆడినవాడికి సొంత ఊళ్ళో ఒక స్టాండు ఎక్కువేమీ కాదు. ఆ పేరు పెట్టిన తీరు సరైనదా అంటే కాదంటాను. అతడు పదవిలో లేని రోజున, అతనితో ఏ అవసరమూ లేని మనుషులు ముందుకు వచ్చి పెట్టి ఉంటే, ఆ పేరును పీకే ధైర్యం ఏ ఆదేశానికీ ఉండేది కాదు. తొందరపడి తన గౌరవాన్ని తానే తగ్గించుకున్నాడు. మొదటి వార్తకు బాధా, రెండో వార్తకు ఊరట లేకపోవడమూ ఎందుకో నాకు ఇక్కడ అర్థమయింది. పేరు ఉండాలన్నది నా కోరిక. కోర్టు కాగితం మీద కాదు, జనం ఇష్టం మీద ఉండాలన్నది నా కోరికలో రెండో సగం.

చట్టం సంగతి చట్టం తేలుస్తుంది. అది తేలాక, పేరు ఉంచడమే జరిగితే, దాని కింద ఒక చిన్న ఫలకం పెట్టమని నా మనవి. తొలి మూడు శతకాల సంవత్సరం రాయండి. బహిష్కరించిన సంవత్సరం రాయండి. బహిష్కారం చెల్లదన్న సంవత్సరం కూడా రాయండి. ఒకదాన్ని దాచి మరొకటి చూపితే రేపటి కుర్రవాడు మళ్ళీ పుకార్ల దగ్గరకే వెళ్ళి అడుగుతాడు. 22 శతకాల్లోంచి ఒక అనుమానాన్ని తీసివేస్తే ఎంత మిగులుతుందన్న లెక్క ఎవరికీ రాదు. రెంటినీ పక్కపక్కన రాసి ఉంచడమే మనం చేయగల నిజాయితీ.

2012లో తీర్పు వచ్చిన సాయంత్రం నా మిత్రుడికి ఫోన్ చేశాను. "బ్యాన్ కొట్టేసిండ్రురా, చూసినవా?" అన్నాను, ఏదో నేనే గెలిపించినట్టు. "చూసిన. ఇప్పుడేం జేద్దామంటవ్?" అన్నాడు. ఆపైన మా అమ్మాయి చదువు గురించి అడిగాడు. ఆ రోజు హోటల్లో నేనెందుకు మాట్లాడలేదో చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

పోయిన దసరాకు వెళ్ళినప్పుడు చెప్పాను. షాపు ఇప్పుడు మోటారు సైకిళ్ళ మెకానిక్ షెడ్డు అయింది. వాడి కొడుకు నడుపుతున్నాడు. ఆ గోడ నిండా ఆయిలు కంపెనీల పోస్టర్లు. నా మాట విని వాడు కొంచెంసేపు ఊరుకున్నాడు. "గదింక యాదికున్నదారా నీకు" అన్నాడు. తరువాత తనే అడిగాడు: "ఇంతకు ఉప్పల్ల పేరు ఉంచిండ్రా, తీసిండ్రా?" కోర్టు ఆపిందన్నాను. వాడు కుర్చీలోంచి లేవకుండానే, లేని బ్యాటును రెండు చేతులా పట్టుకుని, మణికట్టు ఒక్కసారి తిప్పాడు. కొడుకు పని ఆపి వింతగా చూశాడు.

"ఏందబ్బా అది?" అన్నాడు.

వాడికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో మా ఇద్దరికీ వెంటనే తోచలేదు.